కట్ట మీద కండ్లు

ఫస్టియర్‌లో ఇంట్రో ఇచ్చేటప్పుడు హాబీస్ ఏంటని అడిగితే "ఫిషింగ్" అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు "ఎవరి ఓటీపీ కొట్టేశావ్ రా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సీఎస్ఈ వాళ్లకి ఆ మాట వినగానే ముందు గుర్తొచ్చేది సైబర్ సెక్యూరిటీనే, వాణ్ణి అని లాభం లేదు. నేను చెప్పింది మాత్రం అసలు ఫిషింగ్ గురించి. వెదురు కట్టె, దారం, గాలం, గంటలకొద్దీ ఓపిక. జనగామ వైపు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒక కుంట ఉంది. అక్కడ మా మామ దగ్గర నేర్చుకున్నాను.

ఎల్‌కేజీ నుంచి నాది ఇంగ్లిష్ మీడియమే. ఏదైనా రాయమంటే ఇంగ్లిష్‌లోనే తొందరగా రాస్తాను. ఈ ఒక్క విషయం మాత్రం ఇంగ్లిష్‌లో రాయబోతే సగం మాటలు దొరకలేదు. మత్తడి, తూము, శిఖం, బెండు, జెల్ల, కొర్రమట్ట. ఇవన్నీ నేను తెలుగులోనే విన్నాను, వాటిని చేత్తో పట్టుకున్నది కూడా తెలుగులోనే. అందుకని మన క్లబ్ మ్యాగజీన్‌కే రాస్తున్నాను. ఒత్తులు ఎక్కడైనా తప్పితే ఎడిటర్ అక్క చూసుకుంటుంది.

ముందు కుంట గురించి చెప్పాలి. పెద్ద చెరువేం కాదు. నిండితే ఏడెనిమిది ఎకరాలు, ఎండాకాలం రెండెకరాల మడుగు. ఒకవైపు మట్టి కట్ట, కట్ట మీద వేపచెట్టు, దాని కింద కట్ట మైసమ్మ. కట్ట మధ్యలో పొలాలకు నీళ్లు వదిలే తూము. ఒక చివర మత్తడి. కుంట నిండాక మిగిలిన నీళ్లు దాని మీదుగా దూకి కిందున్న చెరువుకు పోతాయి. ఆ చెరువు నిండితే ఇంకో చెరువుకు. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. మన దగ్గర కాకతీయుల కాలం నుంచీ చెరువులు ఇలా ఒకదానికొకటి కట్టుకుంటూ వచ్చారు. పాఖాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువుల పేర్లు అందరికీ తెలుసు. మా కుంట లాంటి వాటి పేర్లు ఆ ఊరివాళ్లకే తెలుస్తాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైన తర్వాత మా కుంటలో కూడా పూడిక తీశారు. ఆ నల్లమట్టిని ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. అప్పుడు నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నాను. ప్రొక్లెయినర్ చూడ్డానికే రోజూ కట్ట మీదికి పోయేవాళ్లం.

ఇక సామాన్లు. ఆన్‌లైన్‌లో రాడ్, రీల్ అని వేలకు వేలు పెట్టి కొనేవి కాదు. వెదురు కట్టె, దానికి నైలాన్ దారం, దారం చివర గాలం, గాలానికి జానెడు పైన చిన్న సీసం ముక్క. నీటి మీద తేలడానికి బెండు. జొన్న దంటు తొక్క తీస్తే లోపల తెల్లగా, తేలిగ్గా ఉంటుంది కదా, దాన్నే వేలెడు ముక్క కోసి దారానికి గుచ్చుతాం. ఎరకు ఎర్రలు. మా దగ్గర వానపాముల్ని ఎర్రలంటారు. పశువుల కొట్టం వెనక తడిమట్టి తవ్వితే దొరుకుతాయి. జిలేబీ చేపలకైతే గోధుమపిండి ముద్ద చాలు. మొత్తం ఖర్చు యాభై రూపాయలు దాటదు.

కష్టమంతా బెండును చదవడంలోనే ఉంది. నీళ్లు మట్టి రంగులో ఉంటాయి, లోపల ఏం జరుగుతోందో కనపడదు. కనపడేది బెండు ఒక్కటే. అది కదిలే తీరును బట్టి కింద ఏ చేప ఉందో మామ చెప్పేస్తాడు. టకటకా వణికితే పరకలు, అవి ఎరను కొరుక్కు తింటాయి తప్ప గాలానికి పడవు. రెండుసార్లు ముంచి వదిలితే జిలేబీ. బెండు పక్కకు నడుచుకుంటూ పోయి ఒక్కసారి మునిగితే జెల్ల. దాన్ని తీసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి, మొప్పల పక్కన, వీపు మీద ఉండే ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి గంటసేపు సలుపుతుంది. అన్నిటికంటే విచిత్రం బంగారు తీగ. అది అడుగున తలకిందులుగా మేస్తుంది. ఎరను నోట్లోకి తీసుకుని తల పైకెత్తితే సీసం బరువు కూడా పైకి లేస్తుంది. అప్పుడు బెండు మునగదు, నీళ్ల మీద పడుకుంటుంది. తెలియనివాళ్లు మునిగేదాకా చూస్తూ కూర్చుంటారు, ఆలోపు ఎర పోతుంది.

బుడగలు కూడా చదవాలి. ఒకేచోట ఆగి ఆగి వస్తే అది బురదలోని గ్యాస్. వరసగా, చిన్నచిన్నగా, ముందుకు జరుగుతూ వస్తే కింద ఏదో చేప బురద కెలుకుతోందని అర్థం. "నీళ్లను సూడకు అల్లుడా, నీళ్ల మీద ఏం మారిందో సూడు" అనేవాడు మామ. ఈ మాట నాకు కుంట దగ్గర ఎంత పనికొచ్చిందో డీబగ్గింగ్‌లోనూ అంతే పనికొచ్చింది.

అయితే ఈ కుంటలోని చేపలన్నీ ఎవరు పడితే వాళ్లు పట్టుకునేవి కావు. ఊళ్లో మత్స్య సహకార సంఘం ఉంది, అందరూ సొసైటీ అనే అంటారు. ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లు సభ్యులు. మామ అందులో ఒకడు. వానలకు కుంట నిండాక చేపపిల్లల్ని వదులుతారు. 2016 నుంచి రాష్ట్రంలో ప్రభుత్వమే ఉచితంగా చేపపిల్లల్ని పంపిణీ చేసే పథకం వచ్చింది. చాలనప్పుడు సొసైటీవాళ్లు డబ్బులేసుకుని ఇంకొన్ని కొంటారు. బొచ్చె, రవ్వ, మోసు అని మూడు రకాలు కలిపి వదలడంలో ఒక లెక్క ఉంది. బొచ్చెకు నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైనీళ్లలో మేస్తుంది. రవ్వది మధ్య నీళ్లు. మోసుకు నోరు కిందికి ఉంటుంది, అది అడుగున తింటుంది. ఒకే కుంటలో మూడు అంతస్తులు, ఒకరి తిండికి ఒకరు అడ్డురారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో మెమరీ పంచుకోవడం గురించి చెప్తుంటే నాకు మనసులో ఈ బొమ్మే మెదిలింది.

గాలం వేసేవాళ్లకు సొసైటీ ఒక నియమం పెట్టింది. జిలేబీలు, జెల్లలు, పరకలు, బురదమట్టలు ఎన్నయినా పట్టుకోవచ్చు. అవి ఎవరూ వదిలినవి కావు. బొచ్చె, రవ్వ, మోసు, బంగారు తీగ గాలానికి పడితే మాత్రం నోరు చిరగకుండా తీసి నీళ్లలో వదిలేయాలి. ఎవరూ రాసిపెట్టింది కాదు గానీ చిన్నపిల్లలు కూడా పాటిస్తారు. పక్క ఊళ్లో గాలం వేయనివ్వరు. మా ఊళ్లో ఎందుకు వేయనిస్తారని ఒకసారి తాతను అడిగాను. "కట్ట మీద కండ్లుండాలె బిడ్డా. జీతమిచ్చి కావలి పెడితే వాడు నిద్రపోతడు. గాలమేసేటోడు నిద్రపోడు" అన్నాడు. ఆ మాటకు అర్థం నిరుడు ఎండాకాలం నా కళ్ల ముందే జరిగింది.

మే నెలాఖరు. సెమిస్టర్ పరీక్షలు అయిపోయి నేను ఊరికి పోయాను. కుంటలో నీళ్లు బాగా తగ్గాయి. మామూలుగా అయితే అప్పటికే వలలేసి చేపలన్నీ తీసేస్తారు. కానీ ఆ సారి సగం తీసి సగం ఉంచారు. కారణం మృగశిర కార్తె. జూన్ 7, 8 తేదీల్లో కార్తె మొదలయ్యే రోజు మన దగ్గర చేప తినాలంటారు. ఆ రోజు మార్కెట్‌లో ఇసుక వేస్తే రాలదు. మా ఊళ్లో కిలోకు ముప్పై నలభై రూపాయలు ఎక్కువ పలుకుతుంది. ఇంకో పది రోజులు ఆగితే చేప బరువూ పెరుగుతుంది, రేటూ పెరుగుతుంది. మామ తన వాటాతో కూతురి ఇంటర్ ఫీజు కట్టాలనుకున్నాడు. అలా ప్రతి ఇంటికీ ఒక లెక్క ఉంది.

రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. వాన పడలేదు. గాలి అసలు లేదు, ఒళ్లంతా జిగటగా ఉక్కపోత. నాలుగున్నరకు మామా నేనూ గాలాలు తీసుకుని కట్ట మీదికి పోయాం. నేను ఎర్ర గుచ్చుతున్నాను. మామ గాలం విప్పకుండా అలాగే నిలబడి ఉన్నాడు. "ఏమైంది మామా?" అన్నాను. "సప్పుడు విను" అన్నాడు.

చప్, చప్, చప్. కుంటంతా అదే. ఎవరో వందమంది చిన్నగా చప్పరిస్తున్నట్టు. సెల్‌ఫోన్ లైటు వేస్తే నీళ్ల మీద అంతా నోళ్లే. గుండ్రంగా తెరిచి మూస్తున్న నోళ్లు. లైటు పడ్డా, అడుగుల చప్పుడైనా అవి పారిపోవట్లేదు. మామూలుగా నీడ పడితేనే పారిపోయే బొచ్చెలు ఒడ్డుకు ఆనుకుని నిలబడి ఉన్నాయి. చెయ్యి పెడితే దొరికేలా ఉన్నాయి.

మామ అప్పటికే ఫోన్ చేస్తున్నాడు. "తేలినయి. ఉన్నోళ్లందరు రాండ్రి. మోటరు సూడుండ్రి." అంతే.

అప్పుడు జరిగింది ఏంటంటే, నీళ్లలో ఆక్సిజన్ అయిపోయింది. ఎనిమిదో తరగతి సైన్సే ఇది. నీళ్లలోని పాచి పగలు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే పాచి, చేపలు, అడుగు బురద కలిసి ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అందుకే రోజు మొత్తంలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామునే. రెండు రోజులు మబ్బుంటే పగలు తయారయ్యేది తగ్గుతుంది. గాలి లేకపోతే పైనుంచి కలిసేదీ తగ్గుతుంది. పైగా నీళ్లు ఎంత వేడిగా ఉంటే ఆక్సిజన్ అంత తక్కువ పడుతుంది. 30 డిగ్రీల నీళ్లలో నిండా ఉన్నా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. అది మూడు కంటే తగ్గితే బొచ్చె, రవ్వలకు ఊపిరాడదు. నాకు ఈ లెక్కలన్నీ తర్వాత చదివితే తెలిశాయి. మామకు చప్పుడుతో తెలిసింది.

పావుగంటలో ఇరవైమంది వచ్చారు. తూము పక్క బావి మోటరు వేసి పైపును కట్ట మీద నుంచి ఎత్తులో పట్టుకున్నారు, నీళ్లు తుంపర్లుగా పడేలా. ఇంకొకరు ఆయిల్ ఇంజన్ తెచ్చి కుంటలో నీళ్లనే తోడి మళ్లీ కుంటలోకి చిమ్మించారు. నీళ్లు గాల్లో ఎంత చిట్లితే అంత ఆక్సిజన్ కలుస్తుంది. ఇద్దరు లారీ ట్యూబుల మీద లోపలికి పోయి తెడ్లతో కొడుతున్నారు. మిగతావాళ్లం నడుములోతు నీళ్లలో దిగి వేపకొమ్మలతో, కర్రలతో, చేతులతో నీళ్లను బాదుతూనే ఉన్నాం. చేపలు కాళ్లకు తగులుతున్నాయి, పక్కకు జరగడానికి కూడా వాటికి బలం లేదు. కొన్ని వెల్లకిలా తిరిగిపోతున్నాయి. మైసమ్మ దగ్గర ముసలమ్మలు నిలబడి దండం పెట్టుకుంటున్నారు. ఒకావిడ "నా కొడుకు పైసలన్ని గీన్నే ఉన్నయి తల్లీ" అంటోంది.

ఆరున్నరకు మబ్బు కాస్త విచ్చుకుని ఎండ పడింది. ఏడున్నర దాటాక నోళ్లు తగ్గడం మొదలైంది. ఎనిమిదింటికి మోటర్ల దగ్గర తప్ప ఎక్కడా చేప పైన కనపడలేదు. చచ్చినవి ఏరితే నూట ఇరవై ఏడు. ఎక్కువ బొచ్చెలే, పెద్దవే. వాటిని అమ్మకుండా శిఖంలో గొయ్యి తీసి పూడ్చారు. ఎవరూ చూడకుండా ఇంకో గంట గడిచి ఉంటే ఎన్ని పోయేవో ఊహించుకోవచ్చు.

అన్నిట్లోకీ నిశ్చింతగా ఉన్నది కొర్రమట్ట. దానికి తలలో గాలి పీల్చుకునే ఏర్పాటు ఉంటుంది. మొప్పలతో పాటు నేరుగా గాలినీ పీలుస్తుంది. ఎప్పుడైనా పైకొచ్చి ఒక గుటక వేసి పోతుంది. ఆ పొద్దున మేమంతా నీళ్లు బాదుతుంటే తుంగ పక్కన ఒక కొర్రమట్ట తన పిల్లల గుంపును కాచుకుంటూ తిరుగుతోంది. చిన్నప్పుడు ఆ పిల్లలు ఎర్రగా, నిప్పురవ్వల్లా గుంపుగా ఉంటాయి. తల్లీతండ్రీ వాటి దగ్గరే ఉంటాయి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా కొర్రమట్టను ఎంచుకున్నారు. ఆ పొద్దున చూశాక దానికి ఆ హోదా సరిగ్గా సరిపోయిందనిపించింది.

కథ అక్కడితో అయిపోలేదు. అసలు గొడవ తొమ్మిదింటికి వేపచెట్టు కింద మొదలైంది. ఇప్పుడే వలలేసి అమ్మేయాలా, మృగశిర దాకా ఆగాలా? ఇప్పుడు అమ్మితే బేరగాడు మన అవసరం చూసి రేటు కొడతాడు. ఆగితే మళ్లీ రేపు మబ్బు పట్టొచ్చు. అప్పు తెచ్చుకున్నవాళ్లు ఆగుదామన్నారు, భయపడ్డవాళ్లు అమ్ముదామన్నారు. మామ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "బొచ్చెలు తీద్దాం. గవ్వే ముందు పోతయి, గవ్వే ఎక్కువ గాలి తాగుతయి. అవి తీస్తే మిగిలినయాటికి ఊపిరి సరిపోతది. తక్కినయి మృగశిరకు ఉంచుదాం. రాత్రుళ్లు వంతులేసుకుని కూసుందాం" అన్నాడు. అందరికీ సగం నచ్చింది, సగం నచ్చలేదు. అదే చేశారు. బొచ్చెలకు అనుకున్న రేటు రాలేదు. మిగిలినవాటికి మృగశిరకు వచ్చింది. మామ ఫీజులో సగం కట్టి, మిగతా సగం ఆటో నడిపి దసరాకు కట్టాడు.

ఆ తర్వాత పది రాత్రులు నేను కూడా మామ వంతులో కట్ట మీద కూర్చున్నాను. రెండింటికి, మూడింటికి గాలం వేసుకుని చప్పుడు వింటూ. అప్పుడు గమనించాను, వంతులో కూర్చున్నవాళ్లలో నాకంటే చిన్నవాళ్లు ఎవరూ లేరు. మామ కొడుకు హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తున్నాడు. ఒకప్పుడు ఆదివారం పూట కట్ట పొడుగునా గాలాలు వేసుకుని కూర్చునే పిల్లలు ఇప్పుడు ఇద్దరో ముగ్గురో. పైవైపు కొత్తగా ప్లాట్లు వేశారు, ఆ మురుగునీళ్లు వానొస్తే కుంటలోకే దిగుతున్నాయి. మురుగు పెరిగితే పాచి పెరుగుతుంది, పాచి పెరిగితే తెల్లవారుజామున ఊపిరి తగ్గుతుంది. అంటే కుంటను చూడాల్సిన అవసరం పెరుగుతోంది, చూసేవాళ్లు తగ్గుతున్నారు.

సీఎస్ఈ వాడికి ఇలాంటప్పుడు ఏం తోస్తుందో మీకు తెలుసు. సెన్సర్ పెడదాం, ఆక్సిజన్ తగ్గితే ఫోన్‌కు అలర్ట్ వస్తుంది అన్నాను. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ ఖరీదు చూస్తే మా మినీ ప్రాజెక్ట్ బడ్జెట్‌కు అందేలా లేదు. అది పాచి పట్టకుండా తరచూ తుడవాలి కూడా. టెంపరేచర్ సెన్సర్ అయితే చవక, దాంతో మొదలుపెడదాం అన్నాను. మామ అంతా శ్రద్ధగా విన్నాడు. "పెట్టు అల్లుడా, మంచిదే. కాని అది మోగినంక లేచి ఉరికొచ్చేటోడు ఉండాలె గదా" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. ఆయన అడిగింది ప్రాజెక్ట్‌లో మేం రాసుకోని రిక్వైర్‌మెంట్.

ఇప్పుడు మా టీం ముగ్గురం ఆ పని మీదే ఉన్నాం. సెన్సర్ ఇంకా బ్రెడ్‌బోర్డ్ మీదే ఉంది. అలర్ట్ ఒక్క ఫోన్‌కు కాకుండా ఆ రోజు వంతు ఎవరిదో వాళ్లకు, వాళ్లు ఎత్తకపోతే తర్వాతి వాళ్లకు వెళ్లేలా రాస్తున్నాం. వంతుల లిస్టు మామే తయారు చేసి ఇచ్చాడు. ఈలోగా ఆయన రోజూ తెల్లవారుజామున వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పంపుతాడు. నేను దాన్ని వినుకుని షీట్‌లో ఎక్కిస్తాను. తేదీ, మబ్బు ఉందా లేదా, గాలి ఉందా లేదా, చేపలు పైన ఉన్నాయా లేదా. ఇప్పటికి డెబ్బై నాలుగు రోజులది ఉంది. చాలా వరుసల్లో "ఏం లేదు" అనే ఉంటుంది.

ఈ రోజు మెసేజ్ పదకొండు సెకన్లు. "గాలి మంచిగున్నది. నీళ్లు సల్లగున్నయి. చేపలు కిందనే ఉన్నయి. గాలానికి రెండు జెల్లలు పడ్డయి, మీ అత్త పులుసు పెడుతున్నది." చివరి వాక్యానికి షీట్‌లో కాలమ్ లేదు. ఒకటి కలిపాను.